ఫ్లింట్‌లాక్ తుపాకీతో జింక వేట, అదీ 1770ల నాటి బట్టల్లో: వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారా?

హరి_హ్యారిస్‌బర్గ్
అందరికీ నమస్తే. మా ఆఫీసులో నా పక్క సీటాయన పుట్టింది, పెరిగింది ఇక్కడే, పెన్సిల్వేనియాలో. క్రిస్మస్ మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడు. చేతిలో తన ఎత్తున్న చెకుముకి తుపాకీ (అదే ఫ్లింట్‌లాక్), భుజానికి తోలు సంచి, దాని పక్కనే మందు పోసుకునే ఎద్దు కొమ్ము, ఒంటి మీద మోకాళ్ళ దాకా వేలాడే లినెన్ చొక్కా. ఫోటోలు చూస్తే ఏ నాటకం ట్రూపులోనో వేషం కట్టాడేమో అనిపిస్తుంది. కానీ ఫ్రీజర్ నిండా జింక మాంసం ఉంటుంది కాబట్టి వేషం కాదని తెలుస్తోంది.

ఈసారి "నువ్వూ రా" అంటున్నాడు. మాంసం తినే ఇంట్లోనే పెరిగాను గానీ తుపాకీ ముట్టుకున్నది లేదు. పైగా హెచ్1బి మీద ఉన్నాను, అదొక టెన్షన్. అసలు ఇది చట్టప్రకారం కుదురుతుందా? ఆ బట్టలు వేసుకోవడం రూలా, సరదాయా? గురి ఎంత దూరం ఉంటుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

బెజవాడ_బుజ్జి
మన దగ్గర దుప్పి కూర అన్న మాట పైకి అంటేనే ఫారెస్టోళ్ళు జీపేసుకుని వస్తారు. మీరు ఏకంగా త్రెడ్ పెట్టారు. పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చుంటున్నా 😄

లాంకాస్టర్_శీను
హరి గారూ, మీ పక్క సీటాయన వెళ్ళేది పెన్సిల్వేనియా ఫ్లింట్‌లాక్ సీజన్‌కి. 1974లో మొదలైంది. మామూలు రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ అయ్యాక వస్తుంది, అప్పుడు అడవంతా ఆరెంజ్ జాకెట్లే. ఆ సందడి సద్దుమణిగాక, డిసెంబర్ 26 నుంచి జనవరిలోకి సాగుతుంది ఇది. చాలా రాష్ట్రాల్లో మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు నింపే తుపాకీ) సీజన్ అంటే ఇన్‌లైన్ అనే ఆధునిక రకం తుపాకీ, దాని మీద స్కోప్ కూడా నడుస్తాయి. ఇక్కడ అక్టోబర్‌లో కొమ్ముల్లేని జింకల కోసం ఉండే చిన్న సీజన్‌లో అవి వాడుకోవచ్చు. క్రిస్మస్ తర్వాత మాత్రం నిప్పు రాయి నుంచే పుట్టాలి. టెలిస్కోప్ కుదరదు.

బట్టలకి రూలేమీ లేదు. గన్ సీజన్‌లో వేసుకున్న జాకెట్‌తోనే వచ్చేవాళ్ళే ఎక్కువ. పాత కాలం బట్టల్లో వచ్చేవాళ్ళు తక్కువే, కానీ వాళ్ళు సీరియస్. అది వేషమనుకుంటే మాత్రం పొరపాటు. ఆ బట్టల సంగతి మన ఓహాయో వదిన గారు చెబితేనే బాగుంటుంది, ఆవిడ స్వయంగా కుడతారు.

దూరం అంటారా, నేనైతే 50 గజాల లోపే. చెయ్యి తిరిగినవాళ్ళు 75 దాకా వెళ్తారు. నా .50 క్యాలిబర్ తుపాకీలో పడేది .490 అంగుళాల సీసపు గుండు, బరువు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. దాని వెనక 70 గ్రెయిన్ల నల్లమందు, అంటే పాతకాలం తుపాకీ మందు (బ్లాక్ పౌడర్). గొట్టం దాటేటప్పుడు వేగం బానే ఉంటుంది, కానీ గుండ్రటి గుండు గాలిని కోసుకుపోలేదు, వంద గజాలకి వెళ్ళేసరికి నీరసపడుతుంది. అందుకే ఈ వేటంతా దగ్గరికి చేరడంలోనే ఉంది. పైగా అప్పటికే జింకలు రెండు వారాల తుపాకీ మోత విని ఉంటాయి. హెమ్లాక్ చెట్ల కింద, మౌంటెన్ లారెల్ గుబురుల్లో నక్కి, పొద్దు వాలితే గానీ బయటికి రావు.

ఇంకొక్క మాట. మీరుండేది ఈ తుపాకీ పుట్టింటికి కూతవేటు దూరంలో. లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ కమ్మర్లు తమ దేశంలోని పొట్టి, లావు యేగర్ తుపాకీని ఇక్కడి అడవికి తగ్గట్టు సాగదీశారు. గొట్టం మూడున్నర అడుగులకి పెరిగింది, లోపలి రంధ్రం సన్నబడింది. గుండు చిన్నదైతే ఒక పౌను సీసంలో ఎక్కువ గుండ్లు వస్తాయి, మందూ కలిసొస్తుంది. ఊరు వదిలి నెలల తరబడి అడవిలో ఉండేవాడికి అదే కావాలి. జేకబ్ డికర్ట్ లాంటివాళ్ళ పనితనం చూడాలంటే నజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది, ఓ వీకెండ్ వెళ్ళి రండి. అలలు అలలుగా చారలున్న మేపుల్ కర్ర, దానికి పక్కన ఇత్తడి మూత ఉన్న చిన్న పెట్టె. చూస్తే వదలబుద్ధి కాదు.

వీసా_వ్యవహారం
వేట సంగతి నాకు తెలీదు, వీసా సంగతి చెబుతాను. లాయర్ని కాను, ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పేపర్ వర్క్ చేస్తాను, అంతే.

హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. చిన్నాచితకా నేరం కాదు, ఫెలనీ. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. ఇక ఫ్లింట్‌లాక్ విషయం వేరు. 1898 లేదా అంతకు ముందు తయారైనవి, వాటి నమూనాలు, నల్లమందుతో మూతి నుంచి నింపే తుపాకులు కేంద్ర చట్టం లెక్కలో "యాంటిక్" కిందికి వస్తాయి, మామూలు ఫైర్‌ఆర్మ్ కిందికి రావు.

ఇది చదివి ఎవరూ ఎగిరి గంతేయకండి. కొన్ని రాష్ట్రాలు మజిల్‌లోడర్‌ని కూడా మామూలు తుపాకీలాగే చూస్తాయి. పెన్సిల్వేనియా నుంచి కారులో ఏటో బయల్దేరి రాష్ట్ర సరిహద్దు దాటారంటే లెక్క మారిపోవచ్చు. పక్క సీటాయన మంచివాడే కావచ్చు, ఆయన ట్రక్కులో ఇంకో మామూలు రైఫిల్ ఉందనుకోండి, "కాసేపు పట్టుకో" అన్నాడనుకోండి, ఇరుక్కునేది మీరు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళు లాయర్‌కి ఓ గంట ఫీజు కట్టి రాతపూర్వకంగా అడగండి. ముందు హంటర్ ట్రాపర్ ఎడ్యుకేషన్ క్లాస్ చేసి లైసెన్స్ తీసుకోండి. మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్ళకి ఆ క్లాస్ ఎలాగూ తప్పదు.

హరి_హ్యారిస్‌బర్గ్
అమ్మో, ట్రక్కులో రెండో రైఫిల్ సంగతి నాకు తట్టనే లేదు. థాంక్సండీ. లాయర్‌కి మెయిల్ పెడుతున్నాను.

నల్లమల_గాలి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది ఆత్మకూరు, కర్నూలు పక్క. అడవి అంచున పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు నాటు తుపాకీ మోత విన్నాను, కాలికి సీసపు రవ్వలు తగిలి కుంటుతూ పొలంలో పడిపోయిన దుప్పినీ చూశాను. 1972 వన్యప్రాణి చట్టం రాకపోయుంటే మా పక్క ఈపాటికి దుప్పి, కృష్ణజింక బొమ్మల్లో మాత్రమే ఉండేవి. చెంచులకి తరతరాలుగా వేటే బతుకు. వాళ్ళకే ఆ అడవిలో విల్లు ఎక్కుపెట్టే వీల్లేకుండా పోయింది. అలాంటిది కడుపు నిండినవాళ్ళు చరిత్ర బట్టలు వేసుకుని సరదాకి చంపడం నాకు మింగుడు పడటం లేదు. తిట్టాలని కాదు, నిజంగానే అడుగుతున్నా. దీన్ని మీరు మనసులో ఎలా సర్దుకుంటారు?

బెజవాడ_బుజ్జి
పాప్‌కార్న్ పక్కన పెట్టా. ఇది అడగాల్సిన ప్రశ్నే.

లాంకాస్టర్_శీను
నల్లమల గారూ, ఈ ప్రశ్న మా అమ్మ కూడా అడిగింది, ఇంకాస్త ఘాటుగా.

అక్కడి లెక్క, ఇక్కడి లెక్క ఒకటి కావు. 1900 నాటికి పెన్సిల్వేనియాలో తెల్లతోక జింక దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మాంసం వ్యాపారం, అడవుల నరికివేత కలిసి చేసిన పని అది. 1895లో వేట, వన్యప్రాణుల వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ పెట్టి, 1906 నుంచి బయటి రాష్ట్రాల జింకల్ని తెచ్చి వదిలారు. తోడేలు, కూగర్ అప్పటికే లేవు. తినే జంతువు లేదు, మేత బోలెడు. కొన్నాళ్ళకి జింకలు అడవిలో కొత్త మొలకని తలెత్తనివ్వని పరిస్థితి వచ్చింది. ఇప్పుడు ఎన్ని తియ్యాలి, ఏ ప్రాంతంలో తియ్యాలి అన్నది ఏటా కమిషన్ నిర్ణయిస్తుంది. లైసెన్స్ డబ్బులు ఆ పనికే పోతాయి. తుపాకులు, తూటాల మీద 1937 నుంచి కేంద్రం వేసే పన్ను కూడా వన్యప్రాణుల కోసమే ఖర్చవుతుంది.

ఇంత చెప్పినా మీ ప్రశ్నకి పూర్తి జవాబు కాదని తెలుసు. లెక్కలు చూసుకుని ఎవడూ తెల్లవారుజామున మంచులో కూర్చోడు. నాకు ఇష్టం కాబట్టి వెళ్తాను. తినేది నేనే చంపుకుంటే దాని బరువేమిటో తెలుస్తుంది అన్నది నా వాదన. మీరు ఒప్పుకోకపోయినా నాకు కోపం లేదు.

టెక్సాస్_తాతయ్య
నల్లమల బాబూ, ఓ వింత చెబుతాను విను. మీ ఊరి పక్క తిరిగే చుక్కల దుప్పే ఇక్కడ టెక్సాస్ హిల్ కంట్రీలో మందలు మందలుగా ఉంది. 1932లో తెచ్చి వదిలారు, ఆక్సిస్ డీర్ అంటారు. బయటి నుంచి వచ్చిన జాతి కాబట్టి దానికి సీజన్ లేదు, ఏడాది పొడుగునా వేటాడొచ్చు. అక్కడ ముట్టుకుంటే జైలు, ఇక్కడ రాంచ్ వాడికి డబ్బు కడితే "దయచేయండి" అంటాడు. మొదటిసారి కంచె అవతల దాన్ని చూసి కారాపేశాను. మనూరి మనిషి ఎదురైనట్టుంది. నేను వేటాడను, మా అబ్బాయి వేటాడతాడు. ఆ ఒక్కటీ వద్దురా అని చెప్పాను, వింటున్నాడు.

నల్లమల_గాలి
శీను గారూ, దాపరికం లేకుండా చెప్పారు, సంతోషం. నేను మారను గానీ త్రెడ్ చదువుతుంటాను. తాతయ్య గారూ 🙏

ఓహాయో_వదిన
శీనూ, నా పేరు చెప్పి తప్పుకున్నావు కదూ. సరే, హరి తమ్ముడూ, బట్టల సంగతి విను.

ముందు పై చొక్కా. హంటింగ్ ఫ్రాక్ అంటారు, లినెన్‌తో కుడతాం. మోకాళ్ళ పైదాకా వస్తుంది, భుజాల మీద ఇంకో చిన్న కేప్ ఉంటుంది, అంచులు దారాలు లాగి కుచ్చులు చేస్తాం. ఆ కుచ్చులు సింగారం కోసమని అందరూ అనుకుంటారు. చేత్తో పట్టుకుని చూస్తే వేరేగా ఉంటుంది. మనిషి ఆకారానికి ఉండే తిన్నటి అంచు గీత చెరిగిపోతుంది, ఎండుగడ్డిలో కలిసిపోతాడు. రంగు కోసం నల్ల వాల్‌నట్ కాయల పైతొక్క ఉడకబెట్టి అందులో ముంచుతాను. ఆకు రాలిన ఓక్ అడవి రంగే వస్తుంది. చేతులకంటితే మాత్రం పది రోజులు వదలదు, గ్లౌజులు వేసుకో. మా అత్తగారు చూసి "గోరింటాకు ఇంత నల్లగా పండిందేంటమ్మా" అన్నారు.

1776 జులైలో వాషింగ్టన్ సైనికులకి ఈ చొక్కానే సిఫారసు చేశాడు. చవక, సులువు, పైగా ఇది వేసుకున్న ప్రతివాడూ గురి తప్పని వేటగాడని శత్రువు అనుకుంటాడని కూడా అందులో రాశాడు. అంటే అప్పటికే ఆ చొక్కాకి ఆ పేరుంది.

దాని కింద ఉన్ని వెయిస్ట్‌కోట్, కాళ్ళకి ఉన్ని లెగ్గింగ్స్. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది. లినెన్ తడిస్తే చల్లబడుతుంది, అందుకే అది పైనే ఉండాలి, ఒంటికి తగిలేది ఉన్నే కావాలి. లెగ్గింగ్స్ ముళ్ళ నుంచి, మంచు నుంచి కాపాడతాయి, కొమ్మకి రాసుకున్నా చప్పుడు రాదు. ఇప్పటి నైలాన్ ప్యాంటుతో ఓసారి నడిచి చూడు, ప్రతి అడుక్కీ గీక్కుంటుంది.

సినిమాల్లో చూపించే జింక తోలు బట్టలు కొనకు. ఎండలో బాగుంటాయి, తడిస్తే ఒంటికి బంకలా అంటుకుని వేడంతా లాగేస్తాయి. తోక వేలాడే ఉడుంచర్మం టోపీ... సారీ, రకూన్ తోలు టోపీ కూడా అక్కర్లేదు. దాని కోసం అందరూ చెప్పుకునే ఆ కాలపు వేటగాడు డేనియల్ బూన్ పెట్టుకున్నది ఫెల్ట్ టోపీ.

కాళ్ళకి మొకాసిన్లు, అంటే మెత్తటి తోలు జోళ్ళు. అడుగు కింద ఏముందో తెలుస్తుంది, పుల్ల విరగక ముందే కాలు ఆగుతుంది. కానీ తడి ఆకుల మీద, వాలు మీద సర్రున జారతాయి. లోపల ఉన్ని గుడ్డ చుట్టుకోవాలి. మొదటి ఏడాది నువ్వు మామూలు బూట్లే వేసుకో, ఎవరూ ఏమీ అనరు.

అసలు ముఖ్యమైంది చివర చెబుతున్నా. ఫ్లీస్ జాకెట్, పాలియెస్టర్ హుడీ వేసుకుని ఫ్లింట్‌లాక్ పేల్చకు. తుపాకీ పక్కన మందు పోసే చిన్న పళ్ళెంలోంచి లేచే నిప్పురవ్వలు చెంప పక్కనే పడతాయి. ఫ్లీస్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని మీద పడితే మాడి ఆరిపోతుంది, అంతే. నా ఫ్రాక్ కుడి చేతి మీద చిన్న చిన్న నల్లచుక్కలు బోలెడు ఉంటాయి, రఫ్ఫు చెయ్యడం మానేశాను.

హరి_హ్యారిస్‌బర్గ్
వదినా, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ఆరెంజ్ వేసుకోకపోతే ప్రమాదం కాదా మరి?

ఓహాయో_వదిన
మాది ఓహాయో, ఇక్కడ తుపాకీ సీజన్లలో ఆరెంజ్ తప్పదు. ఫ్రాక్ మీద ఆరెంజ్ వెస్ట్ తగిలించుకుంటా. ఫోటో పాడవుతుంది, ప్రాణం ఉంటుంది.

లాంకాస్టర్_శీను
ఇక్కడ క్రిస్మస్ తర్వాతి ఫ్లింట్‌లాక్ సీజన్‌లో ఆరెంజ్ తప్పనిసరి కాదు, వేసుకోమని కమిషన్ చెబుతుంది. ఏటా లైసెన్స్‌తో పాటు వచ్చే రూల్స్ చూసుకోండి. నేను నడిచేటప్పుడు టోపీ మీద ఆరెంజ్ పట్టీ కడతాను. ఒకచోట కూర్చున్నాక పక్క చెట్టుకి కడతాను.

మిషిగన్_మూర్తి
బట్టలు, చరిత్ర అన్నీ బాగున్నాయి. నేను మాత్రం ఎదురు వాదన చెబుతా. నా దగ్గర ఇన్‌లైన్ మజిల్‌లోడర్ ఉంది. స్కోప్, కోను ఆకారపు తూటా, మూసిన చోట పేలే ప్రైమర్. 150 గజాల్లో పెట్టిన చోట తగులుతుంది. జింక పట్ల గౌరవం అని అందరూ అంటారు కదా, మరి దానికి త్వరగా ప్రాణం పోయే తుపాకీ వాడటం గౌరవమా, పేలుతుందో లేదో తెలియని రాయి తుపాకీ వాడటమా? నల్లమల గారు చెప్పిన కుంటే దుప్పి గుర్తొచ్చింది నాకు.

లాంకాస్టర్_శీను
మూర్తి గారూ, 150 గజాల్లో గాలి వీచినా, జింక ఒక్క అడుగు వేసినా గుండు పొట్టలో తగులుతుంది. 35 గజాల్లో రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయిన .490 గుండు దాన్ని వంద గజాలు కూడా పోనివ్వదు. గాయపరిచేది తుపాకీ కాదు, దాని హద్దు తెలిసీ దాటేవాడు. అది ఇన్‌లైన్‌తోనూ జరుగుతుంది. ఇక పేలకపోవడం అంటారా, పళ్ళెంలో మందు తడిసి పేలకపోతే జింక నిక్షేపంగా వెళ్ళిపోతుంది. దానికొచ్చిన నష్టమేమీ లేదు.

మిషిగన్_మూర్తి
పేలకపోతే సరే. ఆలస్యంగా పేలితేనో? ట్రిగ్గర్ నొక్కావు, పళ్ళెం వెలిగింది, జింక ఉలిక్కిపడి తిరిగింది, అప్పుడు గుండు బయల్దేరింది. అది ఎక్కడ తగులుతుంది?

లాంకాస్టర్_శీను
అది సరైన ప్రశ్న. అలా జరగొచ్చు. అందుకే లాక్ (నిప్పు పుట్టించే భాగం) ట్యూనింగ్ మీద ఇంత గొడవ. జవాబు పొడుగ్గా రాస్తాను, హరి గారికీ పనికొస్తుంది.

చెకుముకి రాయి ఫ్రిజన్ అనే గట్టి ఉక్కు రేకుని గీరుకుంటూ కిందికి దిగుతుంది. నిప్పు రాయిది కాదు, ఉక్కుది. రాయి పదును ఉక్కు పొరని సన్నగా చెక్కేస్తే ఆ రజను మండుతుంది. అదే సమయంలో రేకు వెనక్కి తెరుచుకుని కింద పళ్ళెంలోని మెత్తటి మందు బయటపడుతుంది. రవ్వలు అందులో పడి చిచ్చుబుడ్డిలా భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న సన్న రంధ్రంలోంచి లోపలి మందుకి అంటుకుంటుంది. ఇన్ని మెట్లున్నాయి కాబట్టే ప్రతి మెట్టూ చక్కగా ఉండాలి. బాగా కుదిరిన లాక్‌లో టక్కు, ఢాం అని విడిగా వినపడవు, రెండూ కలిసిపోయి ఒకటే చప్పుడు.

రాయి పదునుగా ఉండాలి, అంచు ఫ్రిజన్‌కి అడ్డంగా మొత్తం తగలాలి. ఇంగ్లండ్ బ్రాండన్ నల్లరాయి, ఫ్రాన్స్ తేనెరంగు రాయి, రెండూ మంచివే. జారకుండా తోలుముక్కలో చుట్టి బిగించాలి. ఉక్కు మీద నూనె మరక ఉంటే రవ్వలు రావు, ఆల్కహాల్‌తో తుడవాలి. పళ్ళెం నిండా మందు పోసి రంధ్రం మూసేస్తే అది వత్తిలా మెల్లగా కాలుతుంది, మూర్తి గారు చెప్పిన ఆలస్యం అక్కడే వస్తుంది. మూడో వంతు పోస్తే చాలు. సన్న తీగతో రంధ్రం పొడిచి శుభ్రం చేసుకోవాలి. లోపల నిజమైన నల్లమందే వాడాలి. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, ఫ్లింట్‌లాక్‌లో మొండికేస్తాయి.

చెమ్మ దీనికి పెద్ద శత్రువు. మంచు కురిసే రోజు గంటగంటకీ పళ్ళెంలో మందు మార్చాలి. లాక్ మీద మైనం పట్టించిన తోలు తొడుగు కప్పి ఉంచుతాం, జింక కనిపించాక మెల్లగా తీస్తాం. తుపాకీని చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తేకూడదు, గొట్టం లోపల చెమ్మ పడుతుంది. వరండాలోనే వదిలెయ్యాలి, అది కూడా పిల్లలకి అందకుండా తాళం వేసి.

పేల్చేవాడి సంగతి. కంటికి జానెడు దూరంలో మంట లేస్తుంది, ఎవరికైనా కన్ను మూసుకుపోతుంది. దానికి మందు ఒకటే: రాయి తీసేసి అంత సైజు చెక్కముక్క బిగించి ఇంట్లో గోడ మీది చుక్కకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతూ ఉండటం. గుర్రం (రాయిని పట్టుకునే సుత్తి) పడ్డాక కూడా గురి కదలకుండా నిలబెట్టాలి.

మిషిగన్_మూర్తి
సరే, ఇంత చేసేవాడైతే నాకు అభ్యంతరం లేదు. కానీ సీజన్‌కి ముందు రోజు అటక మీంచి దించి బయల్దేరేవాళ్ళనీ చూశాను. వాళ్ళ విషయంలో నా మాట మీదే ఉంటాను.

లాంకాస్టర్_శీను
అందులో మీతో తగువు లేదు.

విజయనగరం_మాస్టారు
రిటైరైన చరిత్ర మాస్టార్ని, ఓ పక్కదారి పట్టిస్తాను, క్షమించాలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డ ఫ్రెంచి సేనాని బుస్సీ దళాల చేతుల్లో ఉన్నవి ఈ చెకుముకి తుపాకులే. అదే ఏడాది అదే ఫ్రెంచి రాజు సైనికులు మీ పెన్సిల్వేనియాలో, ఇవాళ పిట్స్‌బర్గ్ ఉన్న చోట, ఫోర్ట్ డుకేన్ కోటలో కూర్చున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1758 నవంబర్‌లో అక్కడి నుంచి వాళ్ళని తరిమేశారు. ఆ మరుసటి నెలలోనే ఇక్కడ ఇప్పటి కాకినాడ జిల్లా చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. రెండు వైపులా ఒకటే యుద్ధం. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళే మనవాళ్ళు ఆ నదులు కలిసే చోటు కూడా ఓసారి చూడాలి.

ఇంకో విషయం. ఇంగ్లీషువాళ్ళ మందులో పడ్డ సూరేకారం చాలావరకు మన దేశంలోంచి, ముఖ్యంగా బీహార్ నుంచి ఓడల్లో పోయిందే.

బెజవాడ_బుజ్జి
మాస్టారూ, స్కూల్లో ఇలా చెప్పుంటే నేను హిస్టరీలో పాసయ్యేవాణ్ణి.

హరి_హ్యారిస్‌బర్గ్
అప్‌డేట్. లాయర్ జవాబిచ్చారు: ముందు క్లాస్, లైసెన్స్, అది ఎప్పుడూ జేబులో ఉండాలి, రాష్ట్రం దాటొద్దు, ఇంకే తుపాకీ ముట్టుకోవద్దు. క్లాస్‌కి రిజిస్టర్ చేసుకున్నాను. ఈ ఏడాది వేటకి కాకుండా ఊరికే ఆయన వెంట నడుస్తాను. వచ్చే వారం షూటింగ్ రేంజ్‌కి రమ్మన్నాడు. అక్కడ ఎలా నింపాలో ముందే కాస్త చెప్తారా? వెర్రి మొహం వెయ్యకుండా ఉంటాను.

లాంకాస్టర్_శీను
ఆయనే చూపిస్తాడు, అయినా చెబుతా. కొమ్ములోంచి మందుని తిన్నగా గొట్టంలో పొయ్యకూడదు. ముందు కొలతలోకి, అందులోంచి గొట్టంలోకి. లోపల నిప్పు రజను మిగిలి ఉంటే కొలతలోని మందు వరకే పేలుతుంది, కొమ్ము మొత్తం పేలితే చెయ్యి ఉండదు. తర్వాత మూతి మీద నూనె రాసిన పరుపు గుడ్డ ముక్క, దాని మీద గుండు, చిన్న కర్రతో లోపలికి నొక్కి, మిగిలిన గుడ్డని కత్తితో మూతి అంచున కోసెయ్యడం. కూరే కర్రని చివర పట్టుకుని తొయ్యకూడదు, జానెడు జానెడు పట్టుకుంటూ దించాలి. విరిగితే అరచేతిలోంచి దూసుకుపోతుంది. గుండు మందుకి ఆనుకోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం పగలొచ్చు. అందుకే కర్ర మీద గీత పెట్టుకుంటాం, గీత మూతికి సరిపడితే అన్నీ సరిగ్గా ఉన్నట్టు.

పళ్ళెంలో మందు చివర్న, అదీ గొట్టం ముందుకి చూస్తున్నప్పుడే. పేలకపోతే కనీసం ఒక నిమిషం అలాగే ముందుకి పట్టుకోండి. రంధ్రంలోంచి మంట పక్కకి కొడుతుంది కాబట్టి కుడివైపు ఎవరూ నిలబడకూడదు. వేట మధ్యలో కారెక్కాలంటే పళ్ళెంలోని మందు దులిపెయ్యాలి, ఇక్కడి రూల్ ప్రకారం అప్పుడే ఫ్లింట్‌లాక్ ఖాళీగా ఉన్నట్టు లెక్క.

ఇంటికి రాగానే కడగాలి. సబ్బు నీళ్ళు చాలు. నల్లమందు మసి గాలిలో చెమ్మ లాగుతుంది, తెల్లారేసరికి తుప్పు.

గుంటూరు_గృహిణి
వేట సంగతి సరే, ఆ మాంసం వండేదెలాగో ఎవరూ చెప్పరేం? మా బావగారు పోయినేడు తెచ్చి పడేశారు, మటన్ లాగా వండితే చెప్పు అట్టలా వచ్చింది.

ఓహాయో_వదిన
జింకలో కొవ్వు ఉండదు, ఉన్నదీ మేకపోతు కొవ్వులా కాదు, చల్లారితే అంగిలికి మైనంలా అంటుకుంటుంది. తెల్లగా కనిపించిందంతా కోసి పారెయ్యి. తొడ కండ అయితే పెరుగు, అల్లం వెల్లుల్లి, పచ్చి బొప్పాయి పట్టించి రాత్రంతా ఉంచి, నువ్వుల నూనె కాస్త ధారాళంగా వేసి, సన్న సెగ మీద చాలాసేపు మగ్గనివ్వు. కుక్కర్ అయితే మెడ, కాళ్ళ ముక్కలకే. వీపు పక్కన ఉండే మెత్తటి కండ మాత్రం పలుచగా కోసి, ఉప్పు మిరియం పట్టించి, వేడి పెనం మీద రెండు వైపులా తిప్పి దించెయ్యి. గోంగూరతో మెడ ముక్క అదిరిపోతుంది. జింకలకి వచ్చే క్రానిక్ వేస్టింగ్ జబ్బు ఉన్న ప్రాంతమైతే తలని టెస్టుకి ఇచ్చి, ఫలితం వచ్చాకే వండు.

హరి_హ్యారిస్‌బర్గ్
నాకు ఆకలేస్తోంది. ఒక్కటే మిగిలింది: రేంజ్‌కి ఏం పట్టుకెళ్ళాలి? ఉన్ని చొక్కా లేదు, అప్పటికి దొరకదు కూడా.

ఓహాయో_వదిన
పాత జీన్స్, పొడుగు చేతుల కాటన్ చొక్కా చాలు రేంజ్‌కి. ఫ్లీస్ కారులో వదిలెయ్యి. కళ్ళజోడు, చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. నీ నడుము, ఛాతీ, చేతి కొలతలు నాకు మెసేజ్ పెట్టు. లినెన్ ఇంకో నాలుగు గజాలు ఉంది, జనవరికల్లా ఫ్రాక్ కుట్టి పంపిస్తా. రంగు నువ్వే వేసుకోవాలి.